డాక్టర్ జాకిర్ హుస్సేన్ సాహెబ్ - విదేశ విద్య, స్వదేశ సేవ

ఈ ప్రత్యేక సంచికకు ఒక మహనీయుని జీవితం రాయమని సంఘం వారు అడిగినప్పుడు మేము ఎక్కువగా ఆలోచించలేదు. భారతదేశానికి మూడవ రాష్ట్రపతి అయిన డాక్టర్ జాకిర్ హుస్సేన్ సాహెబ్ పేరు మనలో చాలామందికి తెలుసు. బడి గోడ మీద ఆయన పటం చూసినవాళ్ళు ఉన్నారు. నెరిసిన గడ్డం, నల్ల షేర్వాణీ, కళ్ళద్దాలు, తల మీద టోపీ. అయితే ఆ పటంలోని మనిషి పాతికేళ్ళ వయసులో సముద్రం దాటి జర్మనీ దేశం పోయి, నాలుగేళ్ళు అక్కడ చదివి, తిరిగి వచ్చి ఏం చేశాడన్నది అంతగా ఎవరూ చెప్పుకోరు. మేము చెప్పదలచుకున్నది ఆ సంగతే. ఎందుకంటే మన మండలాల నుంచి కువైట్‌కు, సౌదీకి పనికోసం పోయేవాళ్ళు ఎప్పటినుంచో ఉన్నారు. ఇప్పుడు చదువు కోసం పోవాలని కన్సల్టెన్సీ ఆఫీసుల చుట్టూ తిరిగే పిల్లలు కూడా మన ఇళ్ళలో కనబడుతున్నారు. పొలం తాకట్టు పెట్టి పంపే తండ్రులూ ఉన్నారు. పోయినవాడు ఏం తెచ్చుకోవాలి అనే ప్రశ్న వాళ్ళకు కొత్తది కావచ్చు గాని, జాకిర్ సాహెబ్ నూరేళ్ళ క్రితమే దానికి తన బతుకుతో జవాబు చెప్పి పోయారు.

ఆయన మన తెలుగునేల మీద పుట్టినవారే. 1897 ఫిబ్రవరి 8న హైదరాబాదులో జన్మించారు. వాళ్ళది ఉత్తరప్రదేశ్‌లోని కాయంగంజ్ ఊరి పఠాన్ వంశం. తండ్రి ఫిదా హుస్సేన్ ఖాన్ గారు హైదరాబాదుకు వచ్చి వకీలుగా స్థిరపడి, న్యాయశాస్త్ర ప్రచురణలు నడిపి బాగా సంపాదించారు. ఏడుగురు కొడుకుల్లో జాకిర్ మూడోవాడు. పిల్లవాడికి పదేళ్ళు నిండేసరికి, 1907లో, తండ్రి పోయారు. కుటుంబం కాయంగంజ్‌కు తిరిగి పోయింది. 1911లో ప్లేగు వచ్చి తల్లి నాజనీన్ బేగం కూడా కన్నుమూశారు. పద్నాలుగేళ్ళకే తల్లీ తండ్రీ లేని బిడ్డ. అప్పుడతను ఇటావా ఇస్లామియా హైస్కూలు హాస్టల్లో ఉన్నాడు. ఆ బడి హెడ్మాస్టరు సయ్యద్ అల్తాఫ్ హుస్సేన్ గారు నిరాడంబరంగా బతికిన మనిషి. జాకిర్ సాహెబ్ ఆయన్ని జీవితాంతం తలచుకునేవారు. అనాథ పిల్లవాడికి మంచి ఉపాధ్యాయుడు దొరకడమంటే ఎంత అదృష్టమో, హాస్టలు పిల్లలతో పొద్దుగుంకేవరకు గడిపే మాబోటి వాళ్ళకు తెలుసు.

ఆ తర్వాత అలీగఢ్ కాలేజీ. మొదట డాక్టరు కావాలని సైన్సు తీసుకొని లక్నో క్రిస్టియన్ కాలేజీలో చేరారు. అక్కడ జబ్బు పడి ఆ కోరిక వదులుకున్నారు. మళ్ళీ అలీగఢ్ వచ్చి 1918లో బి.ఏ. పాసై, ఎం.ఏ., లా చదువుతూ ఉండగా దేశంలో సహాయ నిరాకరణ, ఖిలాఫత్ ఉద్యమాలు లేచాయి. 1920 అక్టోబరులో గాంధీజీ, అలీ సోదరులు అలీగఢ్‌కు వచ్చి, సర్కారు సొమ్ముతో నడిచే చదువు వదిలిపెట్టమని విద్యార్థులను కోరారు. కొందరు నవ్వారు, కొందరు కదిలారు. జాకిర్ సాహెబ్ ఆలోచన వేరుగా సాగింది. కాలేజీ వదలడం సరే, వదిలినవాళ్ళు చదువుకోవడానికి మన సొంత విద్యాలయం ఏది? ఈ మాట పట్టుకొని హకీం అజ్మల్ ఖాన్ గారిని, డాక్టర్ అన్సారీ గారిని, మౌలానా మొహమ్మద్ అలీ గారిని కలిశారు. ఆ నెల 29న అలీగఢ్‌లోనే జామియా మిల్లియా ఇస్లామియా పుట్టింది. డేరాల్లో, అద్దె బంగళాల్లో మొదలైన సంస్థ. మంచి ఉద్యోగానికి దారి చూపే ఎం.ఏ. చదువును వదిలి ఇరవై మూడేళ్ళ యువకుడు అందులో చేరాడు. అప్పటికి ఆయనకు పెళ్ళయి అయిదేళ్ళయింది.

రెండేళ్ళు అక్కడ పాఠాలు చెప్పాక, ఉత్సాహం ఒక్కటే చాలదని, విద్య ఎట్లా నేర్పాలో ముందు తాను నేర్చుకోవాలని ఆయనకు అనిపించినట్లుంది. 1922లో జర్మనీకి బయలుదేరారు. ఆ రోజుల్లో మనవాళ్ళు చదువుకు పోతే ఇంగ్లండే పోయేవారు. బారిస్టరో ఐ.సి.ఎస్.యో అయి తిరిగొచ్చేవారు. జర్మనీ అంటే యుద్ధంలో ఓడిపోయి, అప్పుల పాలైన దేశం. 1923లో అక్కడి మార్కు విలువ ఎంత దిగజారిందంటే, పొద్దున ఉన్న రొట్టె ధర సాయంత్రానికి ఉండేది కాదు. నోట్లను బుట్టల్లో మోసుకొని పోయేవారు. బయటి దేశపు డబ్బు కొంచెం చేతిలో ఉన్న విద్యార్థికి మాత్రం అక్కడ చవకగా గడిచేది. ఓడిన దేశంలో అన్నానికి కరువొచ్చినా బళ్ళు మూతపడలేదు, ప్రయోగశాలలు ఆగలేదు. పరాయి పాలనలో ఉన్న దేశం నుంచి పోయిన యువకుడు అది చూశాడు. పరీక్షలకు చదివే పాఠం కాదది.

బెర్లిన్ విశ్వవిద్యాలయంలో ఆయన అర్థశాస్త్రం తీసుకున్నారు. పెట్టుబడిదారీ వ్యవస్థ చరిత్ర మీద పేరుమోసిన వెర్నర్ సోంబార్ట్ ఆయన గురువు. బ్రిటిషు ఇండియాలో వ్యవసాయ వ్యవస్థ మీద పరిశోధన చేసి, 1926లో ఉన్నత శ్రేణిలో డాక్టరేటు పట్టా పొందారు. గమనించండి, బెర్లిన్‌లో కూర్చొని ఆయన పరిశీలించింది మన రైతు బతుకును. పట్టా సంగతి ఇంతే. తర్వాత ఆయన పేరు ముందు డాక్టర్ అని చేరిందే తప్ప, ఆ పట్టా చూపి పెద్ద జీతం అడిగింది లేదు.

పట్టాకు బయట ఆయన నేర్చుకున్నదే మాకు ఎక్కువ విలువైనదిగా కనబడుతుంది. మొదటిది చేతిపని. బెర్లిన్‌లో కావియానీ ప్రెస్ అని ఇరానీ వాళ్ళ అచ్చుకూటం ఒకటి ఉండేది. మీర్జా గాలిబ్ దీవాన్‌ను జేబులో పట్టేంత అందమైన చిన్న పుస్తకంగా వేయించాలని జాకిర్ సాహెబ్‌కు కోరిక పుట్టింది. అక్కడ ఉర్దూ అక్షరాలు కూర్చడం వచ్చినవాళ్ళు ఎవరున్నారు? తానే అచ్చు అక్షరాలు ఏరి కూర్చడం నేర్చుకొని ఆ పని చాలా మటుకు తన చేతులతోనే చేశారని చెబుతారు. 1925లో ఆ పుస్తకం వెలువడింది. పుస్తకాల మీద ప్రేమ ఉన్నవాళ్ళు నేటికీ దాన్ని అపురూపంగా దాచుకుంటారు. డాక్టరేటు చేసే మనిషి సిరా పూసుకున్న వేళ్ళతో నిలబడి సీసపు అక్షరాలు పేర్చడం మన దగ్గర అయితే నామోషీ అనేవారు. ఆయనకు అది రెండవ విశ్వవిద్యాలయం అయింది. ఒక్క అక్షరం తలకిందులైతే పద్యమంతా పాడవుతుంది, మళ్ళీ విప్పి కూర్చాలి, ఎవరి మీదా నెపం వేయడానికి లేదు. తర్వాత కాలంలో విద్య గురించి ఆయన చెప్పిన మాటల వెనుక ఈ అచ్చుకూటం ఉన్నదని మా నమ్మకం.

రెండవది బళ్ళు చూడడం. మ్యూనిక్ నగరంలో పాఠశాలల అధికారిగా పనిచేసిన కెర్షెన్‌స్టైనర్ అనే విద్యావేత్త పని ద్వారా విద్య అనే పద్ధతికి ఆద్యుల్లో ఒకరు. బల్ల ముందు చేతులు కట్టుకొని కూర్చొని వల్లెవేసే బడి స్థానంలో పిల్లలు కొయ్యపని, లోహపు పని, తోటపని చేస్తూ నేర్చుకునే బడి. జాకిర్ సాహెబ్ ఆ ఆలోచనలను లోతుగా పట్టించుకున్నారు. మూడవది స్నేహాలు. ఆక్స్‌ఫర్డ్ చదువు ముగించి అచ్చుపని నేర్చుకోవడానికి బెర్లిన్ వచ్చిన మొహమ్మద్ ముజీబ్, అక్కడే పరిశోధన చేస్తున్న ఆబిద్ హుస్సేన్ ఆయనకు జత అయ్యారు. గెర్డా ఫిలిప్స్‌బోర్న్ అనే యూదు యువతి కూడా వారి స్నేహ బృందంలో ఒకరు. ఆమె గురించి కింద చెబుతాము.

ఇక్కడ ఇట్లా ఉండగా అక్కడ జామియా కుంటుపడింది. 1924లో తుర్కీ వారే ఖిలాఫత్‌ను రద్దు చేసేసరికి, ఖిలాఫత్ కమిటీ నుంచి వచ్చే డబ్బు ఆగిపోయింది. మూసివేద్దామని పెద్దలు కొందరు అనుకున్నారు. భిక్షాపాత్ర పట్టుకొనైనా నడుపుదామని గాంధీజీ ధైర్యం చెప్పారు. హకీం సాహెబ్ 1925లో దాన్ని ఢిల్లీలోని కరోల్‌బాగ్‌కు మార్పించారు. ఈ సమాచారం బెర్లిన్ చేరింది. జాకిర్, ఆబిద్, ముజీబ్ ముగ్గురూ మేము వచ్చి మా జీవితాలు ఇస్తాము, అంతదాకా మూయవద్దని కబురు పంపారు. జర్మన్ పట్టా ఉన్నవాళ్ళకు అప్పుడు హైదరాబాదు ఉస్మానియాలో గాని, మరో చోట గాని పెద్ద ఉద్యోగం దొరకడం కష్టం కాదు. ఆయన తమ్ముడు యూసుఫ్ హుస్సేన్ ఖాన్ గారు పారిస్‌లో డాక్టరేటు చేసి వచ్చి ఉస్మానియాలోనే చరిత్ర ఆచార్యులుగా చాలా ఏళ్ళు పనిచేశారు. అది కూడా గౌరవమైన దారే, మేము తక్కువ చేయడం లేదు.

1926 మొదట్లో ముగ్గురూ తిరిగి వచ్చారు. ఇరవై తొమ్మిదేళ్ళ జాకిర్ సాహెబ్ జామియాకు షేఖుల్ జామియా, అంటే వైస్ ఛాన్సలరు అయ్యారు. పేరు పెద్దది, ఖజానా ఖాళీ. 1927 డిసెంబరులో హకీం అజ్మల్ ఖాన్ గారు పోయారు. దానితో ఉన్న ఒక్క ఆధారమూ తెగింది. 1928లో ఉపాధ్యాయులు ఒక సంఘంగా ఏర్పడి, ఇరవై ఏళ్ళపాటు జామియాను విడిచిపోమని, నెలకు 150 రూపాయలకు మించి తీసుకోమని ప్రమాణం చేశారు. ఆ 150 అన్నది కాగితం మీద మాటే. వైస్ ఛాన్సలరుకు కూడా చేతికి అందులో సగం వచ్చిన నెలలుండేవి, అదీ రాని నెలలూ ఉండేవి. జీతం రెండు నెలలు ఆలస్యమైతే కిరాణా కొట్టు ముందు నుంచి నడవలేక సందు తిరిగి పోయే ఉపాధ్యాయులను మేము ఎరుగుదుము. అట్లాంటిది ఇరవై రెండేళ్ళు గడిపారు ఆయన, 1948 దాకా.

చందాల సంగతి మన సంఘం వారు శ్రద్ధగా చదవాలి. నవాబుల దర్బారుల చుట్టూ తిరిగితే ఒక్కసారి పెద్ద మొత్తం వస్తుంది, రెండోసారి రాదు. అందుకని జామియా వారు హమ్‌దర్దానే జామియా అని శ్రేయోభిలాషుల బృందం ఒకటి కట్టారు. ఊరూరా తిరిగి, మామూలు సంసారుల నుంచి చిన్న చిన్న మొత్తాలు క్రమం తప్పకుండా రాబట్టారు. జాకిర్ సాహెబ్ స్వయంగా జోలె పట్టుకొని తిరిగారు. తరగతి చెప్పేదీ ఆయనే, ఉత్తరాలు రాసేదీ ఆయనే, జమాఖర్చులు చూసేదీ ఆయనే. సోంబార్ట్ దగ్గర నేర్చిన అర్థశాస్త్రం రూపాయి అణా పైసల లెక్కల్లో ఇట్లా పనికొచ్చింది.

బడి తీరు కూడా మారింది. జామియా ప్రాథమిక పాఠశాలలో పిల్లలే ఒక చిన్న అంగడి నడిపేవారు, పిల్లల బ్యాంకు పెట్టారు, కోళ్ళు పెంచారు. లెక్కలు అంగడిలో వచ్చేవి, భాష ఉత్తరాలు రాయడంలో వచ్చేది. 1933 ప్రాంతంలో గెర్డా ఫిలిప్స్‌బోర్న్ గారు జర్మనీ వదిలి జామియాకు వచ్చేశారు. అక్కడ హిట్లర్ గద్దెనెక్కుతున్న కాలం. ఇక్కడ ఆమె చిన్నపిల్లల తరగతి, హాస్టలు చూసుకున్నారు. పిల్లలకు ఆమె ఆపా జాన్ అయింది. రెండవ ప్రపంచ యుద్ధంలో జర్మన్ పౌరురాలని ఇంగ్లీషు ప్రభుత్వం ఆమెను నిర్బంధంలో పెట్టింది. 1943లో జబ్బుతో మరణించారు. జామియా శ్మశానంలోనే ఖననం చేశారు. బెర్లిన్‌లో దొరికిన పరిచయం ఒకటి ఢిల్లీ పసిపిల్లలకు తల్లిలాగా అయింది.

1935 మార్చి 1న ఓఖ్లా గ్రామం దగ్గర సొంత భవనాలకు శంకుస్థాపన జరిగింది. పెద్ద పెద్ద నాయకులు ఉండగా, ఆ రాయి పెట్టే పని జామియాలోని అందరికంటే చిన్న పిల్లవాడు అబ్దుల్ అజీజ్ చేత చేయించారు. ఆ భవనాల నమూనా గీసినది కూడా ఒక జర్మన్ శిల్పి, కార్ల్ హైంజ్. హాస్టలు పిల్లలు బూట్లు తుడుచుకోకుండా వస్తుంటే, చెప్పి చెప్పి విసిగి జాకిర్ సాహెబ్ ఒకరోజు గేటు దగ్గర పాలిష్ డబ్బా పెట్టుకొని తానే కూర్చున్నారని జామియా వారు కథగా చెప్పుకుంటారు. మర్నాటి నుంచి ఇంకెవరికీ చెప్పనక్కర లేకపోయిందట.

ఇంకొక సంగతి రాయడానికి మాకు చేయి ఆడదు. ఆయన చిన్న కూతురు రెహానా, ముద్దుల బిడ్డ. ప్రాథమిక పాఠశాలలో పరీక్ష పాసైన పిల్లలకు ఆయన మిఠాయి పంచుతున్న సమయంలో బిడ్డకు బాగా లేదని నౌకరు వచ్చి చెప్పాడు. కాసేపటికి మళ్ళీ వచ్చి బిడ్డ పోయిందని చెవిలో చెప్పాడు. ఆయన ముఖం తెల్లబోయింది గాని పంచడం ఆపలేదు. చివరి పిల్లవాడి చేతిలో మిఠాయి పెట్టాకే లేచారు. ఆ తర్వాత చాలా రోజులు పొద్దున్నే దిండు తడిసి ఉండేదని ఇంట్లోవాళ్ళకు తెలుసు. రుఖయ్యా రెహానా పేరుతోనే ఆయన తన పిల్లల కథలు వేశారు. అబ్బూ ఖాన్ కీ బక్రీ కథ ఉర్దూ చదివిన పిల్లలకు తెలిసిందే. కట్టు తెంచుకొని కొండెక్కి, రాత్రంతా తోడేలుతో పోరాడి తెల్లవారేటప్పుడు ప్రాణం విడిచిన మేక చాందనీ కథ. మూలం ఒక ఫ్రెంచి రచయితది. ఆయన దాన్ని అల్మోరా కొండలకు తీసుకొచ్చి, అక్కడి మేకల కాపరిని పెట్టి, మన కథ చేసేశారు. ప్లేటో గ్రంథాన్ని ఉర్దూలోకి తెచ్చిన చేయే ఇదీ రాసింది.

1937 అక్టోబరులో వార్ధాలో విద్యా మహాసభ జరిగింది. చేతివృత్తి చుట్టూ అల్లిన ఏడేళ్ళ ఉచిత విద్య, మాతృభాషలో, ఏడేళ్ళ నుంచి పద్నాలుగేళ్ళ పిల్లలకు ఇవ్వాలని గాంధీజీ ప్రతిపాదించారు. దాన్ని పాఠ్యప్రణాళికగా తయారుచేసే కమిటీకి అధ్యక్షులు జాకిర్ సాహెబే. ఆ డిసెంబరుకే నివేదిక ఇచ్చారు. గాంధీజీ మీద ఎంత భక్తి ఉన్నా సభలో మొహమాటపడలేదు. పిల్లలు వడికిన నూలు అమ్మి బడి ఖర్చు రాబట్టాలని పట్టుబడితే, ఉపాధ్యాయుడు పిల్లల చేత వెట్టి చేయించేవాడుగా మారగలడని హెచ్చరించారు. గాంధీజీ ఆ మాట విన్నారు, కమిటీ బాధ్యత కూడా ఆయనకే ఇచ్చారు. పెద్దల ముందు గౌరవం తప్పకుండా కాదనగలగడం కూడా నేర్చుకోవలసిన విద్యే.

పని అంటే ఏమిటన్న దానికి ఆయన నిర్వచనం మన ప్రాంతానికి బాగా అతుకుతుంది. చేతులు ఆడినంత మాత్రాన అది విద్య కాదు. ఏం చేయాలో ముందు తలచుకోవాలి, ఎట్లా చేయాలో పథకం వేసుకోవాలి, చేయాలి, చేశాక తానే నిర్దాక్షిణ్యంగా తప్పులు చూసుకోవాలి. ఉదయగిరిలో చెక్క గరిటెలు, చెంచాలు, ఫోర్కులు చెక్కే ఇళ్ళు మనకు తెలుసు. ఆ ఇంటి పిల్ల రోజూ అదే చెంచా నూరు సార్లు రుద్దితే అది కూలి. అదే పిల్ల కర్ర చీలిక ఎటు పోతుందో చూసి, కొత్త ఆకారం గీసుకొని, చెక్కి, బాగులేక పారేసి మళ్ళీ చెక్కితే అది చదువు. మా బళ్ళలో టైంటేబుల్లో పనివిద్య పీరియడ్ ఉంటుంది. సిలబసు కాని రోజుల్లో ఆ గంటను లెక్కల మాస్టారు లాగేసుకుంటారు. ఈ విషయంలో ఎవరినీ ఏమీ అనలేము. మార్కులు అడిగేది తల్లిదండ్రులే.

1946 నవంబరులో జామియా రజతోత్సవం. దేశం చీలిపోబోతున్న రోజులు, వీధుల్లో రక్తం పారుతున్న రోజులు. ఆ వేదిక మీద నెహ్రూగారు, ఆజాద్ గారు, రాజాజీ ఒక పక్క, జిన్నా గారు, లియాఖత్ అలీ ఖాన్ గారు ఇంకొక పక్క కూర్చున్నారు. అందరినీ ఒకచోట చేర్చగలిగిన ఆయన, దేశంలో రగులుతున్న ద్వేషాగ్నిని ఆర్పమని వారిని వేడుకున్నారు. మరుసటి ఏడు ఆగస్టులో కాశ్మీరు పోతూ జలంధర్ స్టేషనులో అల్లరి మూకల చేతిలో ఆయన ప్రాణమే పోవలసింది. ఒక సిక్కు సైనికాధికారి, ఒక హిందూ రైల్వే ఉద్యోగి అడ్డుపడి కాపాడారు. తమ్ముడు మహమూద్ హుస్సేన్ పాకిస్తాన్ పోయి అక్కడ మంత్రి అయ్యారు. ఈయన ఢిల్లీ విడవలేదు.

తర్వాతి పదవులు అందరికీ తెలిసినవే కనుక త్వరగా చెబుతాము. 1948 నుంచి 1956 దాకా అలీగఢ్ విశ్వవిద్యాలయం వైస్ ఛాన్సలరు, 1957లో బీహారు గవర్నరు, 1962లో ఉపరాష్ట్రపతి, 1963లో భారతరత్న. 1967 రాష్ట్రపతి ఎన్నికలో ఆయనకు పోటీగా నిలబడింది మన రాజమండ్రికి చెందిన సుప్రీంకోర్టు మాజీ ప్రధాన న్యాయమూర్తి కోకా సుబ్బారావు గారు. హైదరాబాదులో పుట్టినవారికి, గోదావరి ఒడ్డున పుట్టినవారికి మధ్య పోటీ అన్నమాట. జాకిర్ సాహెబ్‌కు 4,71,244, సుబ్బారావు గారికి 3,63,971 ఓట్ల విలువ వచ్చింది. 1967 మే 13న ఆయన రాష్ట్రపతిగా ప్రమాణం చేశారు. ఆ పీఠం ఎక్కిన మొదటి ముస్లిం ఆయనే.

రాష్ట్రపతి భవనంలోనూ ఆయనకు చేతులు ఊరుకోలేదు. గులాబీ అంటు మొక్కలు తెప్పించి నాటించేవారు, రంగురాళ్ళు, శిలాజాలు పోగుచేసి చూసుకునేవారు. తోటమాలితో ఏ కొమ్మ ఎక్కడ కత్తిరించాలో మాట్లాడుతూ నిలబడిపోయేవారట. 1969 మే 3న వైద్యులు పరీక్షకు వచ్చిన సమయంలోనే గుండె ఆగి కన్నుమూశారు. పదవిలో ఉండగా పోయిన మొదటి రాష్ట్రపతి. ఓఖ్లాలో, చిన్నపిల్లవాడు రాయి పెట్టిన ఆ జామియా ఆవరణలోనే ఆయనను ఖననం చేశారు. ఢిల్లీ పోయినవాళ్ళు కుతుబ్ మినార్, ఎర్రకోట చూసి వస్తుంటారు. వీలైతే ఓఖ్లా కూడా పోయి రండి. బడి గంట వినపడేంత దగ్గరలోనే ఉంది ఆయన సమాధి.